నెట్ వస్తోంది, పక్క గదిలో కంప్యూటర్ మాత్రం కనబడదు: చిన్న ఆఫీసు నెట్‌వర్క్‌లో అసలు ఏం జరుగుతుంది?

విశాఖ ద్వారకానగర్‌లో నాకు తెలిసిన ఒక జీఎస్టీ కన్సల్టెంట్ గారి ఆఫీసు ఉంది. రెండో అంతస్తు, రెండు గదులు, ఐదు కంప్యూటర్లు, ఒక ప్రింటర్. క్లయింట్ల ఫైళ్లు, ట్యాలీ డేటా అన్నీ లోపలి గదిలోని ఒక కంప్యూటర్లో ఉంటాయి. దాన్ని వాళ్లు సర్వర్ అంటారు గానీ అదీ మామూలు కంప్యూటరే, రాత్రిళ్లు కూడా ఆపరు, అంతే తేడా. ఒక నెల పంతొమ్మిదో తారీఖున ఇంటర్నెట్ కనెక్షన్ తాలూకు కుర్రాడు వచ్చి, పాత రౌటర్ తీసేసి కొత్తది పెట్టి వెళ్లాడు. ఇరవయ్యో తారీఖు, అంటే నెలవారీ జీఎస్టీ లెక్కలు చూపే 3బీ రిటర్నులకు ఆఖరి రోజు, పొద్దున్నే అక్కడి అకౌంటెంట్ అమ్మాయి ఫోను.

"ఏటోనండీ, నిన్నటిదాకా అన్నీ కనబడ్డాయి. ఇవాళ నెట్‌వర్క్ ఓపెన్ చేస్తే ఒక్కటీ లేదు. నెట్ మాత్రం బ్రహ్మాండంగా వస్తోంది."

ఆ చివరి మాట దగ్గరే అందరూ తికమక పడతారు. నెట్ వస్తోందంటే వైరు బాగానే ఉన్నట్టు. వైరు బాగుంటే పక్క గదిలో కంప్యూటర్ ఎందుకు కనబడదు? జీఎస్టీ పోర్టల్ తెరుచుకుంటోంది, గోడ అవతలి ఫోల్డర్ తెరుచుకోవడం లేదు.

ఈ మధ్య ఈ ఫిర్యాదు నా చెవిన పడటం ఎక్కువైంది. కారణం ఊహించడం కష్టం కాదు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది. చిన్న ఆఫీసులు అన్ని కంప్యూటర్లనీ ఒక్కసారే మార్చలేవు కదా. ఒకటో రెండో విండోస్ 11 మెషిన్లు కొని, మిగతావి పాతవే లాగిస్తున్నాయి. ఒకే గదిలో పక్కపక్కనే ఉన్నా, ఎవర్ని నమ్మాలి, ఎవరికి జవాబివ్వాలి అన్న విషయంలో పాతవాటి నియమాలు వేరు, కొత్తవాటి నియమాలు వేరు.

కనిపించడం వేరు, అందడం వేరు, రానివ్వడం వేరు

ఫైల్ ఎక్స్‌ప్లోరర్ ఎడమ పక్కన 'నెట్‌వర్క్' అని ఉంటుంది. అది నొక్కితే వచ్చే కంప్యూటర్ బొమ్మల వరసనే మనం నెట్‌వర్క్ అనుకుంటాం. నిజానికి అది ఒట్టి హాజరు పట్టీ. బడిలో పిల్లవాడు వెనక బెంచీలో కూర్చునే ఉండి, మేష్టారు పేరు పిలిచినప్పుడు పలక్కపోతే పట్టీలో గైర్హాజరు పడుతుంది. అంతమాత్రాన వాడు బడికి రానట్టు కాదు.

కాబట్టి "కంప్యూటర్ కనబడటం లేదు" అనే ఒక్క ఫిర్యాదు వెనక మూడు వేర్వేరు జబ్బులు ఉండొచ్చు. జాబితాలో పేరు రాకపోవడం మొదటిది. అసలు ఆ కంప్యూటర్ దాకా దారే లేకపోవడం రెండోది. దారి ఉంది, తలుపూ ఉంది, లోపలికి రానివ్వకపోవడం మూడోది. మందులు మూడింటికీ వేరు. ఒకదాని మందు ఇంకోదానికి వేస్తే పని కాదు సరికదా, ఉన్న సెట్టింగులు చెడి టెన్షన్ రెట్టింపవుతుంది.

ఏ జబ్బో తేల్చే పరీక్ష చాలా చిన్నది. ఎక్స్‌ప్లోరర్ పైన అడ్రస్ రాసే గడిలో, వెనక్కి వాలిన గీతలు రెండు పెట్టి అవతలి కంప్యూటర్ ఐపీ అడ్రస్ కొట్టడం. ఇలా: \\192.168.1.5. ఐపీ అడ్రస్ అంటే నెట్‌వర్క్‌లో ఆ కంప్యూటర్ డోర్ నంబర్. ఫోల్డర్లు తెరుచుకున్నాయా, జబ్బు జాబితాకే. మిగతా అంతా ఆరోగ్యం. యూజర్ నేమ్, పాస్‌వర్డ్ అడిగిందా, దారి ఉంది, తలుపు దగ్గర తేడా. చాలాసేపు తిరిగి తిరిగి 'నెట్‌వర్క్ పాత్ నాట్ ఫౌండ్' అందా, దారిలోనే ఎక్కడో గండి.

పింగ్ కొట్టి, అంటే 'ఉన్నావా' అని ఒక చిన్న సందేశం పంపి చూస్తే సరిపోదా అని అడుగుతారు. జవాబొస్తే మంచిదే. రాకపోతే మాత్రం ఏమీ తేలదు, ఎందుకంటే విండోస్ ఫైర్‌వాల్, అంటే బయటి నుంచి వచ్చేవాటిని వడకట్టే కాపలాదారు, చాలాసార్లు పింగ్‌ను పట్టించుకోకుండా వదిలేస్తుంది.

పాతకాలం పద్ధతి: పట్టీ రాసే పెద్ద

ఈ జాబితా ఎలా తయారవుతుందో తెలిస్తే సగం మిస్టరీ విడిపోతుంది. దీని మూలం నెట్‌బయోస్, కంప్యూటర్లు ఒకదాన్నొకటి పేరుతో పిలుచుకునే పాత ఏర్పాటు. 1983లో ఐబీఎం పీసీ నెట్‌వర్క్ కోసం పుట్టింది. కంప్యూటర్ పేరు పదిహేను అక్షరాలు దాటితే విండోస్ ఇప్పటికీ గొణుగుతుందంటే అది ఆనాటి వారసత్వమే.

దాని మీద విండోస్ కట్టుకున్న ఏర్పాటు పేరు కంప్యూటర్ బ్రౌజర్. ఇంటర్నెట్ చూసే బ్రౌజర్‌కీ దీనికీ సంబంధం లేదు. ఒక వర్క్‌గ్రూప్‌లోని, అంటే ఒకే గుంపు పేరు పెట్టుకున్న కంప్యూటర్లు తమలో ఒకదాన్ని పెద్దగా ఎన్నుకునేవి. ఎన్నిక అన్నది నేను కల్పించిన మాట కాదు, సాంకేతిక పత్రాల్లో దాన్ని 'ఎలక్షన్' అనే రాశారు. గెలిచినదాన్ని మాస్టర్ బ్రౌజర్ అనేవారు. ఊరి కరణం దగ్గర పట్టీ ఉన్నట్టు, ఎవరెవరు ఉన్నారన్న లెక్క దాని దగ్గర ఉండేది. ప్రతి కంప్యూటరూ పన్నెండు నిమిషాలకోసారి "నేనున్నాను" అని చెప్పుకోవాలి. వరసగా మూడుసార్లు చెప్పకపోతే, అంటే 36 నిమిషాలకు, పెద్ద దాని పేరు కొట్టేస్తుంది. ఆ పట్టీకి నకలు పెట్టుకున్న చిన్నపెద్దలు పదిహేను నిమిషాలకోసారి కొత్త నకలు తెచ్చుకుంటాయి. ఆ లెక్కన ప్లగ్ పీకేసిన కంప్యూటర్ కూడా 51 నిమిషాల దాకా జాబితాలో బతికే ఉండొచ్చు. కొత్తగా ఆన్ చేసింది మాత్రం కాసేపటిదాకా కనబడకపోవచ్చు. "టీ తాగొచ్చేసరికి అదే వస్తుంది సార్" అని ఆ రోజుల్లో టెక్నీషియన్లు అనే మాటలో శాస్త్రమే ఉండేది.

వర్క్‌గ్రూప్ పేరు అన్నింటికీ ఒకటే ఉండాలి అనే సలహా కూడా ఆ కాలానిదే. విండోస్ ఎక్స్‌పీ హోమ్ ఆ పేరును 'ఎంఎస్‌హోమ్' అని పెట్టుకునేది, మిగతావి 'వర్క్‌గ్రూప్' అని. ఆ తేడాతో పట్టీలు రెండయ్యేవి. ఇప్పటి పద్ధతిలో పేరు వేరైనా జాబితాలో కనిపించడానికి అడ్డేమీ లేదు. అయినా ఇవాళ్టికీ ఏ టెక్నీషియన్ వచ్చినా మొదట చూసేది వర్క్‌గ్రూప్ పేరే. అలవాటు.

కొత్త పద్ధతి: పిలిస్తే పలకడం

విండోస్ విస్టా నుంచి, అంటే 2007 నుంచి, ఇంకో పద్ధతి వచ్చింది. దాని పేరు డబ్ల్యూఎస్ డిస్కవరీ. ఇందులో పెద్ద లేడు, పట్టీ లేదు. మీరు నెట్‌వర్క్ నొక్కగానే మీ కంప్యూటర్ "ఇక్కడ ఎవరెవరు ఉన్నారు?" అని ఒక కేక వేస్తుంది. ఆ కేక 239.255.255.250 అనే ఉమ్మడి చిరునామాకు, 3702 అనే పోర్టు మీద, అంటే ఆ చిరునామాలో ఒక తలుపు నంబర్ మీద, వెళ్తుంది. విన్నవి జవాబిస్తాయి. ఆ జవాబులనే మనకు బొమ్మలుగా చూపిస్తుంది. కొత్తగా ఆన్ అయిన కంప్యూటర్ కూడా "వచ్చాను" అని తనంతట తాను ఒకసారి చెప్పుకుంటుంది.

కేకకు రెండు మొనలు. జవాబులు వినాలంటే వెతికే కంప్యూటర్లో 'ఫంక్షన్ డిస్కవరీ ప్రొవైడర్ హోస్ట్' అనే సర్వీసు, అంటే తెర వెనక పనిచేసే ప్రోగ్రామ్, నడవాలి. పలకాలంటే అవతలి కంప్యూటర్లో 'ఫంక్షన్ డిస్కవరీ రిసోర్స్ పబ్లికేషన్' అనే సర్వీసు నడవాలి. ఈ రెండోది ఆగిపోయిన కంప్యూటర్‌కు అందరూ కనబడతారు, అది మాత్రం ఎవరికీ కనబడదు.

నేను చూసిన ఆఫీసుల్లో ఎక్కువ సమయం వృథా అయ్యేది ఇక్కడే. ఎవరి కళ్ల ముందు జాబితా ఖాళీగా ఉందో ఆ కంప్యూటర్ని పట్టుకుని రీస్టార్టులు, సెట్టింగులు, ఆఖరికి ఫార్మాట్. జబ్బేమో పలకని కంప్యూటర్లో ఉంటుంది, అది పక్క గదిలో హాయిగా ఉంటుంది. జాబితాలో ఒక్కటే లేకపోతే ఆ ఒక్కదాన్ని అనుమానించాలి. ఒక్కరికే ఏదీ కనబడకపోతే ఆ ఒక్కరి కంప్యూటర్ని అనుమానించాలి. ఎవరికీ ఏదీ కనబడకపోతే కంప్యూటర్లను వదిలేసి, మధ్యలో ఏం మారిందో చూడాలి.

స్లీప్‌లోకి వెళ్లిన కంప్యూటర్ పలకదని వేరే చెప్పనక్కర్లేదు. చెప్పనక్కర్లేదు గానీ, మధ్యాహ్నం భోజనాల తర్వాత వచ్చే ఫోన్లలో సగం ఇవే.

ఏ కంప్యూటర్ ఏ పద్ధతిలో కనబడుతోందో చూసుకునే చోటు ఒకటుంది, చాలామంది ఎరగరు. నెట్‌వర్క్ విండోను 'డీటెయిల్స్' పద్ధతిలో పెట్టి, కాలమ్స్‌లో 'డిస్కవరీ మెథడ్' అనేదాన్ని కలుపుకుంటే ప్రతి బొమ్మ పక్కనా డబ్ల్యూఎస్‌డీ అనో, నెట్‌బయోస్ అనో పడుతుంది.

2017లో ఏం మారింది?

పాత పట్టీ పద్ధతి ఎస్‌ఎంబీ 1 అనే భాష మీద ఆధారపడింది. ఎస్‌ఎంబీ అంటే విండోస్ కంప్యూటర్లు ఫైళ్లు, ప్రింటర్లు పంచుకోవడానికి మాట్లాడుకునే భాష. 1 అనేది దాని పాత యాస. అందులోని ఒక లోపానికి మైక్రోసాఫ్ట్ 2017 మార్చిలో మందు విడుదల చేసింది. మందు వేసుకోని కంప్యూటర్ల మీద అదే ఏడాది మేలో వానాక్రై పడింది. ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగే ఆ వైరస్, ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి ఎవరూ ఏమీ నొక్కకుండానే పాకింది. మన రాష్ట్రంలో పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి.

ఆ ఏడాది అక్టోబర్‌లో వచ్చిన విండోస్ 10 '1709' వెర్షన్ నుంచి, కొత్తగా ఎక్కించే విండోస్‌లో ఎస్‌ఎంబీ 1ను తీసేయడం మొదలైంది. దాంతోపాటే పట్టీ రాసే కంప్యూటర్ బ్రౌజర్ సర్వీసూ పోయింది. అప్పటిదాకా పట్టీ ద్వారా కనబడిన పాత మెషిన్లు, ఫైళ్లు దాచే డబ్బాలు రాత్రికి రాత్రి జాబితాలోంచి మాయమయ్యాయి. లైనక్స్ మీద నడిచే పాత నెట్‌వర్క్ స్టోరేజీ డబ్బాలు ఇప్పటికీ ఇందుకే కనబడవు. వాటిలోని సాంబా అనే సాఫ్ట్‌వేర్ ఫైళ్లు ఇవ్వగలదు గానీ, కొత్త పద్ధతి కేకకు తనంతట తాను పలకదు. దానికి పక్కన ఇంకో చిన్న ప్రోగ్రామ్ పెట్టాలి. అడ్రస్ కొడితే మాత్రం శుభ్రంగా తెరుచుకుంటాయి.

రౌటర్ మారితే విండోస్‌కు ఊరు మారినట్టే

ద్వారకానగర్ కథ ఇక్కడ తేలుతుంది. ప్రతి నెట్‌వర్క్‌నూ విండోస్ 'ప్రైవేట్' అనో 'పబ్లిక్' అనో గుర్తు పెట్టుకుంటుంది. ప్రైవేట్ అంటే మన ఇల్లు, మన ఆఫీసు. పబ్లిక్ అంటే రైల్వే స్టేషన్ వైఫై లాంటిది. పబ్లిక్‌లో ఉన్నప్పుడు విండోస్ పిలవదు, పిలిస్తే పలకదు. అది తప్పేమీ కాదు, ఆర్టీసీ కాంప్లెక్స్‌లో కూర్చుని లాప్‌టాప్ తెరిస్తే చుట్టుపక్కలవాళ్లకు మీ ఫోల్డర్లు కనబడకూడదు కదా.

మరి ఇది ఫలానా నెట్‌వర్క్ అని విండోస్ ఎలా గుర్తుపడుతుంది? ముఖ్యంగా రౌటర్ హార్డ్‌వేర్ నంబర్‌ను బట్టి. వైరు అదే, గోడ అదే, మనుషులు వాళ్లే. రౌటర్ మారింది కాబట్టి విండోస్ దృష్టిలో అది ముక్కూమొహం తెలియని కొత్త ఊరు. కొత్త ఊరంటే పబ్లిక్. విండోస్ 10లో అయితే పక్క నుంచి ఒక నీలం పలక జారి వచ్చి, ఈ కంప్యూటర్ని మిగతావాటికి కనబడనివ్వమంటారా అని అడుగుతుంది. అదేంటో చదవకుండా 'నో' కొట్టేవాళ్లే ఎక్కువ.

ఆ ఆఫీసులో ఐదు కంప్యూటర్లూ ఒకే రాత్రి పబ్లిక్ అయిపోయాయి. ఇంటర్నెట్‌కు దాంతో పనిలేదు కాబట్టి అది మామూలుగానే వచ్చింది. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్ దగ్గర, ఆ కనెక్షన్ మీద నొక్కితే పబ్లిక్, ప్రైవేట్ అని రెండే రెండు చుక్కలు ఉంటాయి. ఒక్కో కంప్యూటర్‌కు అర నిమిషం పని. నాలుగు జాబితాలోకి వచ్చాయి. సర్వర్ రాలేదు. దాని సంగతి చివర్లో.

బయటి కంపెనీ యాంటీవైరస్‌లో సొంత ఫైర్‌వాల్ ఉంటే అది ఈ పబ్లిక్, ప్రైవేట్ లెక్క తనకు తాను వేరే పెట్టుకుంటుంది. విండోస్‌లో అన్నీ సరిగ్గా ఉన్నా కనబడకపోతే అక్కడొకసారి చూడాలి.

రెండు రౌటర్లు, రెండు వీధులు: అంకెలతో ఒక ఉదాహరణ

ఇంకో రకం ఆఫీసు తీసుకుందాం. మెయిన్ రౌటర్ 192.168.1.1. సర్వర్ 192.168.1.5. ముందు గదిలో అకౌంట్స్ కంప్యూటర్ 192.168.1.12. సార్ కేబిన్‌లోకి వైఫై సిగ్నల్ సరిగా రావడం లేదని జగదాంబ దగ్గర షాపులో ఇంకో రౌటర్ కొని తెచ్చారు. మెయిన్ రౌటర్ నుంచి వచ్చిన వైరును దాని వాన్ పోర్టులో, అంటే విడిగా రంగు వేసి ఉండే సాకెట్‌లో, గుచ్చారు. డబ్బా మీద బొమ్మ అలాగే ఉంది మరి. ఇప్పుడు ఆ కొత్త రౌటర్‌కు బయటి ముఖం 192.168.1.20. లోపల అది తన వైఫైకి సొంత నంబర్లు పంచుతుంది. సార్ లాప్‌టాప్‌కు 192.168.0.104 వచ్చింది.

1 ఉండాల్సిన చోట 0. ఆ ఒక్క అంకెతో సార్ వేరే వీధిలోకి వెళ్లిపోయారు. కేక వీధి దాటదు, రౌటర్ దాన్ని అవతలికి పోనివ్వదు. కాబట్టి జాబితాలో సార్‌కు ఆఫీసు కనబడదు, ఆఫీసుకు సార్ కనబడరు.

ఇంతవరకే అయితే తేలిక. అసలు తమాషా తర్వాత ఉంది. సార్ అడ్రస్ గడిలో \\192.168.1.5 అని కొడితే సర్వర్ తెరుచుకుంటుంది! కొత్త రౌటర్ ఆయన తరఫున తన బయటి ముఖంతో, అంటే 192.168.1.20 పేరు మీద, వెళ్లి తెస్తుంది. సర్వర్‌కు అది పక్కింటి మనిషిలాగే ఉంటుంది. అకౌంట్స్ అమ్మాయి \\192.168.0.104 కొడితే మాత్రం తెరుచుకోదు. 0 వీధి ఎక్కడుందో మెయిన్ రౌటర్‌కు తెలియదు, ఆ ఉత్తరాన్ని ఇంటర్నెట్ వైపు తోసేస్తుంది, అది అక్కడే గల్లంతు.

"నాకు ఓపెన్ అవుతోంది కదమ్మా, ప్రాబ్లమ్ నీ దగ్గరే" అంటారు సార్. "మీదే ఓపెన్ అవట్లేదు సార్" అంటుంది అమ్మాయి. ఇద్దరి మాటా నిజమే. రెండో రౌటర్‌లో నంబర్లు పంచే పనిని, అంటే డీహెచ్‌సీపీని, ఆపేసి, వైరును మామూలు లాన్ పోర్టులోకి మార్చినా, లేదా దాన్ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో, అంటే వైఫై మాత్రమే పంచేలా, పెట్టినా వీధులు రెండూ ఒకటవుతాయి.

దీనికి చుట్టం ఇంకొకటి ఉంది. చాలా రౌటర్లలో 'గెస్ట్ వైఫై' ఉంటుంది. దానిమీద ఉన్నవాళ్లను ఆఫీసు నెట్‌వర్క్‌తోను, చాలాసార్లు ఒకరితో ఒకరినీ మాట్లాడుకోనివ్వదు. వచ్చినవాళ్లకు ఇవ్వడానికని పెట్టిన పాస్‌వర్డ్‌ను స్టాఫ్ లాప్‌టాప్‌లో కూడా కొట్టేస్తే నెట్ వస్తుంది, ఆఫీసు రాదు. వైఫై పేరు ఒకసారి చదివి చూస్తే తెలిసిపోతుంది.

కరెంటు పోయి వచ్చాక మారే నంబర్లు

అడ్రస్ కొడితే తెరుచుకుంటోంది కదా అని డెస్క్‌టాప్ మీద \\192.168.1.5కు షార్ట్‌కట్ పెట్టుకుంటారు. కొన్నాళ్లకు అదీ పనిచేయదు. రౌటర్ ఈ నంబర్లను శాశ్వతంగా ఇవ్వదు, అద్దెకిస్తుంది. గడువు తీరాకో, కరెంటు పోయి అన్నీ ఒకేసారి లేచినప్పుడో నంబర్లు అటూఇటూ కావచ్చు. నిన్నటి 5 ఇవాళ 9.

గాజువాక ఆటోనగర్‌లో విడిభాగాల షాపు ఒకటి నాకు గుర్తు. అక్కడ కంప్యూటర్లకు యూపీఎస్ ఉంది, రౌటర్‌కూ, నెట్‌వర్క్ వైర్లను కలిపే స్విచ్చికీ లేదు. కరెంటు ఇలా పోయి అలా వస్తే కంప్యూటర్లకు తెలియను కూడా తెలియదు, మధ్యలో నెట్‌వర్క్ మాత్రం పడి లేస్తుంది. రౌటర్ లేవక ముందే నంబర్ అడిగిన కంప్యూటర్, ఎవరూ ఇవ్వకపోయేసరికి 169.254తో మొదలయ్యే నంబర్ ఒకటి తనకు తానే పెట్టుకుంటుంది. ఆ అంకెలు కనబడితే అర్థం ఒకటే: రౌటర్ నన్ను పలకరించలేదు. విండోస్ ఐదు నిమిషాలకోసారి మళ్లీ అడుగుతుంది కాబట్టి కాసేపటికి అదే సర్దుకుంటుంది. సర్దుకోకపోతే వైరో, స్విచ్ పోర్టో చూడాలి.

నంబర్ మారకుండా రౌటర్‌లోనే సర్వర్‌కు ఒక నంబర్ రిజర్వ్ చేసి పెట్టొచ్చు. లేదా నంబర్ బదులు పేరుతో పిలవొచ్చు, \\ అని పెట్టి కంప్యూటర్ పేరు. పేరును నంబర్‌గా మార్చుకోవడానికి విండోస్ మళ్లీ కేకల మీదే ఆధారపడుతుంది కాబట్టి, నంబర్‌తో తెరుచుకుని పేరుతో తెరుచుకోకపోతే జబ్బు ఆ పేరు దగ్గరే ఉందని అర్థం.

తలుపు దగ్గర ఆపేస్తే

జాబితాలో ఉంది, నొక్కితే పాస్‌వర్డ్ అడుగుతోంది, ఏది కొట్టినా కాదంటోంది. ఇందులో కొత్తగా వచ్చి చేరిన తిరకాసులు కొన్ని ఉన్నాయి.

ఒకటి, పిన్. రోజూ పొద్దున్నే నాలుగంకెల పిన్ కొట్టి కంప్యూటర్ తెరిచేవాళ్లు ఇక్కడా అదే కొడతారు. పిన్ ఆ ఒక్క మెషిన్‌కే చెల్లుతుంది. నెట్‌వర్క్ మీద అడిగేది అసలు పాస్‌వర్డ్, అది చాలామంది ఎప్పుడో మరిచిపోయి ఉంటారు. ఇంకొకటి, పాస్‌వర్డే లేని ఖాతా. కంప్యూటర్ ముందు కూర్చుంటే అది పనిచేస్తుంది. నెట్‌వర్క్ మీద నుంచి వస్తే విండోస్ ఒప్పుకోదు.

పాస్‌వర్డ్ గొడవే లేకుండా గెస్ట్‌గా రానిచ్చే పద్ధతి ఏళ్ల తరబడి నడిచింది. 'పాస్‌వర్డ్ ప్రొటెక్టెడ్ షేరింగ్' ఆఫ్ చేస్తే సరి. విండోస్ 11కు 24హెచ్2 అనే పెద్ద అప్‌డేట్ వచ్చాక ప్రో వెర్షన్ అలా గెస్ట్‌గా వెళ్లడానికి ఒప్పుకోవడం మానేసింది. పైగా ప్రతి మాటకూ సంతకం ఉండాలని, అంటే ఎస్‌ఎంబీ సైనింగ్ కావాలని, పట్టుబడుతుంది. పదేళ్లుగా పాస్‌వర్డ్ లేకుండా తెరుచుకున్న ఫోల్డర్ కొత్త కంప్యూటర్లో తెరుచుకోకపోవడానికి ఇదొక పెద్ద కారణం. దీని మీద రెండు వాదాలున్నాయి. నలుగురే ఉన్న ఆఫీసు, అందరూ మనవాళ్లే, ఈ తాళాలెందుకు అని ఓనర్లంటారు. నలుగురే ఉన్నారు గానీ వైఫై పాస్‌వర్డ్ నలభై మందికి తెలుసు కదా అని టెక్నీషియన్లంటారు. నాకు రెండో మాటే సబబుగా తోస్తుంది. షేరింగ్ కోసమని సర్వర్‌లో ఒక యూజర్ ఖాతా చేసి, మిగతా కంప్యూటర్లలో దాన్ని ఒక్కసారి కొట్టి గుర్తుంచుకోమంటే మళ్లీ అడగదు కూడా.

అన్నిటికన్నా అంతుచిక్కనిది మాత్రం కాపీ కొట్టిన డిస్కుల వ్యవహారం. ఐదు కంప్యూటర్లు ఆర్డరిస్తే ఒకదాంట్లో విండోస్, ప్రోగ్రాములు అన్నీ ఎక్కించి, ఆ డిస్కునే మిగతా నాలుగింటికీ కాపీ చేసి ఇచ్చే షాపులున్నాయి. ప్రతి విండోస్‌కూ లోపల ఎస్‌ఐడీ అనే గుర్తింపు సంఖ్య ఉంటుంది. కాపీలో అదీ యథాతథంగా వచ్చేస్తుంది. కవల పిల్లలకు ఒకే ఆధార్ నంబర్ ఇచ్చినట్టు. ఇన్నాళ్లూ విండోస్ చూసీచూడనట్టు ఊరుకుంది. 2025 ఆగస్టు చివరి నుంచి వచ్చిన అప్‌డేట్ల తర్వాత విండోస్ 11 24హెచ్2, 25హెచ్2 అలాంటి జంటలను ఒకదాన్నొకటి తలుపు దాటనివ్వడం లేదు. పాస్‌వర్డ్ అక్షరం తేడా లేకుండా కొట్టినా తప్పంటుంది. కాపీ చేసేటప్పుడు సిస్‌ప్రెప్ అనే పనిముట్టుతో ఆ సంఖ్యను మార్చి ఉండాల్సింది. చేయలేదు కాబట్టి ఇప్పుడు విండోస్ మళ్లీ ఎక్కించుకోవడమే చాలాచోట్ల గతి.

ఎస్‌ఎంబీ 1 ఆన్ చేయమనేవాళ్లు, వద్దనేవాళ్లు

ఈ సమస్య మీద వీడియోలు వెతికితే ఎక్కువగా దొరికే చిట్కా, 'విండోస్ ఫీచర్స్'లోకి వెళ్లి ఎస్‌ఎంబీ 1కు టిక్కు పెట్టమని. నిజం చెప్పాలంటే కొన్నిచోట్ల పనిచేస్తుంది కూడా. అందుకే ఆ చిట్కా చావడం లేదు.

పెట్టమనేవాళ్ల వాదన తీసిపారేయదగ్గది కాదు. పోర్టు పనులు చేసే ఒక క్లియరింగ్ ఏజెన్సీలో పెద్ద జిరాక్స్ మెషిన్ ఉంది. బిల్లులు, ప్యాకింగ్ లిస్టులు స్కాన్ చేస్తే నేరుగా కంప్యూటర్ ఫోల్డర్లో పడాలి. ఆ మెషిన్‌కు వచ్చింది ఎస్‌ఎంబీ 1 ఒక్కటే. ప్రింటింగ్ ఇంకా అద్దంలా ఉంది, పాతయాసలో మాట్లాడుతోందని దాన్ని తీసి అవతల పారేయమంటే ఎవరు పారేస్తారు?

వద్దనేవాళ్ల వాదన ఏమిటంటే, జాబితాలో బొమ్మ కనబడటం కోసం వానాక్రై వచ్చిన దారినే మళ్లీ తెరుస్తున్నారని. 2017 నాటి లోపానికి మందు ఎప్పుడో పడింది కదా అంటే, మందు అందని పాత మెషిన్లే ఇలాంటి ఆఫీసుల్లో ఉంటాయి. మైక్రోసాఫ్ట్ కూడా దీన్ని వాడొద్దనే ఏళ్లుగా చెబుతోంది.

రెండు వాదాల మధ్య తరచూ మరిచిపోయే సంగతి ఒకటుంది. ఆ టిక్కు విప్పి చూస్తే లోపల మూడు ముక్కలుంటాయి: క్లయింట్, సర్వర్, ఆటోమేటిక్ రిమూవల్. పాత డబ్బాలోంచి ఫైళ్లు తెచ్చుకోవడానికి క్లయింట్ ముక్క చాలు. జిరాక్స్ మెషిన్ మన కంప్యూటర్లోకి ఫైళ్లు పంపాలంటేనే సర్వర్ ముక్క కావాలి, అసలు ప్రమాదం దానితోనే. మూడోది, పదిహేను రోజులు ఎస్‌ఎంబీ 1 వాడకపోతే దాన్ని తనే తీసేస్తుంది. "అప్పుడు చేసి వెళ్లారు, రెండు వారాలకే మళ్లీ పోయింది" అనే ఫిర్యాదు వెనక చాలాసార్లు ఉండేది ఈ మూడో టిక్కే.

ఏజెన్సీవాళ్లు చివరికి స్కాన్లను ఈమెయిల్‌కు పంపేలా ఆ మెషిన్‌ను మార్చుకున్నారు. ఫోల్డర్ అంత సుఖం కాదని స్టాఫ్ ఇంకా సణుగుతూనే ఉన్నారు.

అసలు ఆ జాబితా కావాలా?

ద్వారకానగర్ సర్వర్ జాబితాలోకి రాలేదన్నాను కదా. దాంట్లో పలికే సర్వీసు ఆగిపోయి ఉంది, రిసోర్స్ పబ్లికేషన్. దాన్ని కంప్యూటర్ ఆన్ అయినప్పుడల్లా తనే మొదలయ్యేలా పెట్టాను. రెండు నిమిషాల్లో బొమ్మ వచ్చింది. కానీ ఆ అమ్మాయికి పొద్దున్నుంచి కావలసింది బొమ్మ కాదు, దాని వెనక ఫోల్డరు. అందుకని రౌటర్లో సర్వర్ నంబర్‌ను రిజర్వ్ చేసి, ఆ ఫోల్డర్‌ను అన్ని కంప్యూటర్లలోనూ జడ్ డ్రైవ్‌గా మ్యాప్ చేశాం. అంటే సి, డి డ్రైవుల పక్కనే అదీ ఒక డ్రైవులా కనబడుతుంది, తెరవడానికి జాబితాతో పని లేదు. మధ్యాహ్నానికల్లా రిటర్నులు వెళ్లిపోయాయి.

వారం తర్వాత మళ్లీ ఫోను.

"అండీ, ఇప్పుడే ఆన్ చేశాను. జడ్ డ్రైవ్ మీద ఎర్రగా ఇంటూ గుర్తుంది. మళ్లీ పోయినట్టుందండీ."

"దాని మీద రెండుసార్లు నొక్కమ్మా."

"...ఓపెన్ అయిందండి."